విత్తనము పుట్టిన చోటు: పైన్ చెట్టు నేర్పిన పాఠము

రైతు సోదరులు విత్తనము కొనునపుడు "ఇది ఏ రకము?" అని తప్పక అడుగుదురు. "ఇది ఎక్కడ పుట్టినది?" అని అడుగువారు అరుదు. వరి, వేరుసెనగలలో పొరపాటు జరిగిన ఒక పంటతో తీరిపోవును. చెట్ల విషయములో అట్లు కాదు. తప్పు తెలియుటకే పది, ఇరువది ఏండ్లు పట్టును. అప్పటికి దిద్దుకొనుటకు వీలుండదు. ఈ సంగతిని ఐరోపా వారికి నేర్పినది స్కాట్స్ పైన్ అను చెట్టు.

ఒకే జాతి, అనేక స్వభావములు

స్కాట్స్ పైన్ సూదులవంటి ఆకులు, పొలుసుల కాయలు గల వృక్షము. మన సరుగుడు చూపునకు దానిని పోలియుండును గాని ఆ కుటుంబమునకు చెందదు. ఈ పైన్ స్పెయిన్ కొండలనుండి సైబీరియా తూర్పు వరకు సహజముగా పెరుగుచున్నది. మరి ఏ పైన్ జాతియు ఇంత విశాలముగా వ్యాపించి యుండలేదు.

ఫ్రాన్సు దేశమున విల్మొరాన్ అను ఆయన 1820 దశకములో వివిధ ప్రాంతముల గింజలు తెప్పించి ఒకే తోటలో పెంచ నారంభించెను. నేల ఒకటి, వాన ఒకటి. అయినను రీగా ప్రాంతపు గింజల చెట్లు తిన్నగా ఎదిగినవి. మరి కొన్నిచోట్లవి వంకరలు తిరిగినవి. భేదము గింజలోనే యున్నదని దీనివలన తేలినది.

స్వీడన్‌లో 19వ శతాబ్దిలో జర్మనీ గింజను విస్తారముగా వాడిరి. ఆ తోటలు పెక్కు వంకర మ్రానులతో, చలి దెబ్బలతో పాడైనవి. 1936లో ఆ దేశపు శాస్త్రజ్ఞుడు లాంగ్లెట్ వందలాది తావుల గింజలను పోల్చి, ఉత్తరమునకు పోవుకొలది చలికి సిద్ధపడు గుణము క్రమముగా మారునని చూపెను.

కారణమేమి?

ఈ చెట్టుకు రాత్రి నిడివియే గడియారము. వేసవి చివర రాత్రులు పెరుగగానే అది ఎదుగుట మాని, మొగ్గ కట్టి, చలికి గట్టిపడును. ఉత్తరమున శీతకాలము త్వరగా వచ్చును గనుక అచ్చటి చెట్లు ముందుగా ఆగును. దక్షిణపు గింజను బాగుగా ఉత్తరమున నాటినచో లేత కొమ్మలు మంచుకు మాడును. ఉత్తరపు గింజను దక్షిణమున నాటినచో మంచి దినములుండగనే ఆగి కురచబారును.

పైన్ పుప్పొడి గాలిలో చాల దూరము పోవును. అందుచే ఒకే అడవిలో చెట్టుకు చెట్టుకు వైవిధ్యము హెచ్చు. అయినను ప్రతి తరమున ఆ చోటికి తగని మొలకలు నశించి, తగినవి నిలుచుటచే స్థానిక స్వభావము చెదరకున్నది. ఈ వైవిధ్యమే అడవికి మూలధనము. వాతావరణము మారినపుడు ఏరుకొనుటకు అదియే ఆధారము. కాని చెట్టు తరము దీర్ఘమైనది. నేడు భూమి వేడెక్కు వేగమును అది అందుకొనుట కష్టము. కావున స్వీడన్‌లో నేడు రాబోవు వాతావరణమును కూడ లెక్కించి గింజను ఎంచుచున్నారు.

మనము చేయవలసినవి

మన చేలలో పైన్ లేకున్నను సరుగుడు, టేకు, వేప నాటు రైతులకు ఈ సూత్రమే వర్తించును.

1. నారు కొనునపుడు గింజ ఏ ఊరి చెట్లదో అడుగుడు. మీ నేల, వర్షపాతములను పోలిన చోటిదైన మేలు.

2. గింజ సేకరించునపుడు అందుబాటులో నున్న ఒక్క చెట్టుతో తృప్తిపడరాదు. ఒకదాని కొకటి దూరముగా నున్న 25, 30 ఆరోగ్యవంతమైన తల్లి చెట్లనుండి సమముగా తీసి కలుపుడు.

3. చేనంతయు ఒకే క్లోను నాటవద్దు. దానికి పడని తెగులు వచ్చిన యెడల ఒక్క మొక్కయు మిగులకపోవచ్చును.

4. గింజ తెచ్చిన చోటు, నాటిన తేది పుస్తకమున వ్రాసి యుంచుడు. ఇరువది ఏండ్ల తరువాత కోత కోయునది మీ కుమారుడు కావచ్చును. మరల నాటవలెనో మానవలెనో అతనికి ఆ పుస్తకమే చెప్పును.