విందు మిగులు – పాడిపశువునకు ముప్పు

గ్రామములో పెండ్లి గాని ఉత్సవము గాని జరిగిన మరునాడు, ఎవరి ఇంటనో పాడిగేదె మేత ముట్టక నిలువబడుట మనమెరుగనిది కాదు. దిష్టి తగిలినదని కొందరు, పురుగు ముట్టినదని కొందరు అనుకొందురు. పెక్కు సందర్భములలో అసలు కారణము పందిరి వెనుక పారవేసిన అన్నమే. ఈ సంగతిని పంచాయతీ సభ్యుల దృష్టికి తెచ్చుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కారణము

పశువు కడుపునకు నాలుగు అరలు గలవు. మొదటిదైన పెద్దపొట్టలో కంటికి కనబడని సూక్ష్మజీవులు గడ్డిని మెల్లగా పులియజేసి జీర్ణము చేయుచుండును. అలవాటులేని పశువు ఒక్కసారిగా గంపెడు అన్నము గాని, ధాన్యము గాని, పిండి గాని తిన్నచో, అది కొన్ని గంటలలోనే మితిమీరి పులిసి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము మేలుచేయు జీవులను చంపి, ఒంటిలోని నీటిని పొట్టలోనికి లాగి, తుదకు రక్తమునకు ఎక్కును. రోజూ కుడితిలో పడు పిడికెడు మెతుకులు చేయని కీడును గంపెడు అన్నము చేయుట ఇందువలననే.

లక్షణములు

పశువు మేతను, నెమరును మానును. ఎడమ డొక్క ఉబ్బును. పండ్లు కొరుకును. పేడ పలుచనై పుల్లని వాసన వేయును. కన్నులు లోతుకు పోవును, నడక తూలును. పిమ్మట కూలబడును. వ్యాధి తీవ్రమైనచో ఒకటి రెండు దినములలోనే మరణింపవచ్చును.

చేయవలసిన పనులు

పశువు అన్నము తిన్నదని తెలిసిన తక్షణమే, లక్షణములకై వేచియుండక, పశువైద్యునకు కబురు చేయవలెను. రెండు తెలుగు రాష్ట్రములలోను సంచార పశువైద్య వాహనమునకై 1962 నంబరునకు ఫోను చేయవచ్చును. ఈలోగా ఎండుగడ్డి తప్ప మరేమియు పెట్టరాదు. నీటిని ఒక్కమారుగా త్రాగనీయక కొద్దికొద్దిగా ఇవ్వవలెను. వైద్యుడు చెప్పినచో, పెద్ద పశువునకు సుమారు 100 గ్రాముల వంటసోడాను లీటరు నీటిలో కలిపి పట్టవచ్చును. గొట్టముతో పట్టునపుడు తలను మిక్కిలి ఎత్తరాదు, నాలుకను లాగరాదు. దగ్గు వచ్చినచో వెంటనే ఆపవలెను. మందు ఊపిరితిత్తులలోనికి పోయినచో అదియే ప్రాణము తీయును. కూలబడిన పశువునకు నోట ఏమియు పోయరాదు. వాతలు పెట్టుట వలన బాధయే గాని మేలు లేదు.

పంచాయతీ బాధ్యత

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ చేర్చిన పదునొకండవ షెడ్యూలులో పశుపోషణయు పంచాయతీల విషయముగా పేర్కొనబడినది. కావున విందు చేయు ఇంటివారికి ముందుగానే చెప్పి, మిగిలిన అన్నమును, విస్తళ్ళను గొయ్యిలో వేసి మట్టి కప్పునట్లు చూడవలెను. గొయ్యి చుట్టు కంప నాటినచో పశువులు చేరవు. కొన్నాళ్ళకు ఎరువును దక్కును. అన్నమును ప్లాస్టిక్ సంచులలో కట్టి పారవేయనీయరాదు. పశువు సంచితో సహా మ్రింగును. అది అరగక పొట్టలోనే నిలిచిపోవును. ఊరిలో విందులు జరుగు దినములలో దండోరా వేయించుట మంచిది.

గేదె పోయిన ఇంట పిల్లలకు పాలును, ఇల్లు నడుపు పాలడబ్బును ఒక్కనాడే పోవును. ఆ నష్టము ముందు ఒక గొయ్యి త్రవ్వించుట పెద్ద పని కాదని సభ్యులకు మా మనవి.