నిద్రపుచ్చని మందు

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టడం మీరు చూసే ఉంటారు. సాధారణంగా రెండు మూడు నిమిషాల్లో మూర్ఛ దానంతటదే ఆగుతుంది. పేరు మాత్రం ఇనుముకు! మెదడు కణాలలో విద్యుత్తు ఒక్కసారిగా అదుపుతప్పడమే మూర్ఛ.

1912 నుంచి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ మూర్ఛను తగ్గించేది గాని, మత్తు కలిగించేది. బడిపిల్లవాడు పాఠం వినేదెలా? బోస్టన్ నగర ఆసుపత్రిలో నాడీవైద్యులు హూస్టన్ మెరిట్, ట్రేసీ పట్నమ్‌లు మత్తులేని మందుకోసం వెతికారు. పిల్లులకు ఒక్కొక్క రసాయనాన్నీ ఇచ్చి, తలకు విద్యుత్తు తగిలించి చూశారు. ఏది ఇచ్చినప్పుడు మూర్ఛ రావడానికి ఎక్కువ విద్యుత్తు కావలసి వస్తుందో, అదే పనికివచ్చే మందన్నమాట.

అలా దొరికింది ఫెనిటాయిన్. 1908లోనే తయారైనా, నిద్రమందుగా పనికిరాదని మూలపడిన పదార్థమది! రోగులలో ఫలితాలను 1938లో ప్రకటించారు. ఇది మూర్ఛను మాన్పదు, అణచి ఉంచుతుంది. కొందరికి చిగుళ్ళు వాస్తాయి కూడా. ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు తిరగబెట్టవచ్చు.