పెడల్ బిగుసుకుంటే ముందు కడ్డీ విప్పి చూడండి

ప్రశ్న: అయ్యా, సూళగిరి పక్కన కొత్తిమీర, టమాటా సాగు చేస్తున్నాను. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హైడ్రోస్టాటిక్ చిన్న ట్రాక్టరుకు ముందుకు నడిపే పెడల్ చాలా గట్టిగా ఉంది. సాయంత్రానికి పిక్కలు పట్టేస్తున్నాయి. స్ప్రింగు తీసేస్తే తేలికవుతుందా?
– ఒక రైతు, సూళగిరి

జవాబు: స్ప్రింగు జోలికి మాత్రం పోకండి. కాలు ఎత్తగానే బండిని న్యూట్రల్‌కు తెచ్చేది అదే. అది లేకపోతే కాలు తీసినా బండి ఆగదు, ప్రాణాల మీదికి వస్తుంది.

చదును నేల మీద ఇంజను ఆపి, బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. పెడల్ నుంచి పంపు లివరుకు వెళ్లే కడ్డీని ఒక కొసన విప్పండి. దాని పొడవు మాత్రం మార్చకండి. ఇప్పుడు పెడల్‌ను చేత్తో ఆడించండి. అప్పటికీ బిగువుగా ఉంటే లోపం పెడల్ ఇరుసులోనే. తడి మట్టిలో తిరిగే బండికి బుష్‌లలో బురద చేరి తుప్పు పడుతుంది. ఇరుసు ఊడదీసి, శుభ్రం చేసి గ్రీజు పెట్టండి. అరిగిన బుష్‌ను మార్చేయండి.

పెడల్ తేలికగా ఆడితే డ్యాంపర్ చూడండి, మీ బండికి ఉంటే. చేత్తో లాగినప్పుడు అది నిదానంగా, ఒకే తీరున కదలాలి. మధ్యలో పట్టేస్తే కొత్తది వేయించాలి. పంపు లివరే బిగుసుకుంటే ఇంట్లో విప్పకండి, మెకానిక్ పని అది. చలికాలం పొద్దున మాత్రమే గట్టిగా ఉంటే, మాన్యువల్‌లో చెప్పిన గ్రేడు ఆయిలే పోశారో లేదో చూసుకోండి.

అన్నీ బిగించాక నాలుగు చక్రాలూ నేలకు తగలకుండా స్టాండ్ల మీద ఎత్తి, ఇంజను వేసి బ్రేకు వదలండి. పెడల్ తొక్కకుండానే చక్రం తిరిగితే, ఇంజను ఆపి కడ్డీ పొడవును అర చుట్టు చొప్పున సరిచేసి మళ్లీ చూడండి.