కారు క్రింది మరక

ఉదయమున కారు క్రింద మరక కనబడినచో పెక్కుమంది అది నూనెయే యని తలచి, ఇంజనులో మరికొంత నూనె పోసి యూరకుందురు. రోగమెరుగక మందిచ్చుట యెట్లు?

గడచిన వేసవిలో మేము రాత్రివేళ మా కారు క్రింద, ముందునుండి వెనుకవరకు, తెల్లని అట్టలు పరచి తెల్లవారి చూచితిమి. ముందుభాగమున స్వచ్ఛమైన నీటిబొట్లుండెను. అవి ఏ.సి. నుండి దిగినవి గనుక భయము లేదు. నల్లని జిడ్డు, అనగా ఇంజను ఆయిల్, ఎచ్చటను లేదు. రేడియేటరు క్రింద మాత్రము ఆకుపచ్చని తడి, తీయని వాసన. అది కూలెంటు. దాని రంగు తయారీదారునిబట్టి మారును గనుక వాసనను, చోటును గూడ చూడవలెను. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషము; పిల్లలను, కుక్కలను దరి చేరనీయరాదు. రబ్బరు గొట్టమునకున్న క్లిప్పు వదులైనందున, ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట స్క్రూడ్రైవరుతో బిగించితిమి. వేడిమీద రేడియేటరు మూత తీసినచో మరుగునీరు ముఖమున చిమ్మును సుమీ!

ఇంతటితో పని ముగిసెనని సంతోషించి అట్టలు తీయుచుండగా, వెనుక చక్రము లోపలిప్రక్క లేత పసుపుపచ్చని బొట్టొకటి కనబడెను. పావలా కాసంత లేదు. వ్రేలితో తాకగా మిక్కిలి జారుడుగా నుండెను. బ్రేకు పెడలు నొక్కి చూడగా మునుపటికంటె లోతునకు దిగెను. అది బ్రేకు ద్రవము! ఇట్టిది మన స్క్రూడ్రైవరుకు లొంగు పని కాదు. కారును వీధి చివరకైనను నడుపరాదు. మెకానిక్కును ఇంటికే పిలిపించితిమి. అతడు ఆ చక్రపు సిలిండరు మార్చి, గొట్టములలోని గాలి తీసివేసెను. ఆనాడు పిల్లలు బడికి నడచియే పోయిరి.