అమ్మ పంపిన ఉత్తరం

శ్రీకాకుళం జిల్లా దాటితే ఒరిస్సా వస్తుంది. ఇప్పుడు ఆ రాష్ట్రాన్ని ఒడిశా అంటున్నారు. ఆ రాష్ట్రానికి ఉత్తరపు కొసన సుందర్‌గఢ్ జిల్లా ఉంది. ఆ జిల్లాలో జరాయికెల అనే ఊరుంది. అక్కడ రైలు స్టేషను ఉంది. పోలీసు ఔట్‌పోస్టూ ఉంది. ఔట్‌పోస్టు అంటే పెద్ద పోలీసు స్టేషను కింద పనిచేసే చిన్న ఠాణా.

1987 డిసెంబరు 1. పొద్దున ఎనిమిది గంటల వేళ ఆ ఔట్‌పోస్టు పోలీసులు నీలబతి బెహరా ఇంటికి వచ్చారు. ఆమె కొడుకు సుమన్‌ను పట్టుకుపోయారు. అతనికి ఇరవై రెండేళ్ళు. ఏదో దొంగతనం కేసులో విచారించాలన్నారు.

రాత్రయింది. కొడుకు ఇంటికి రాలేదు. తల్లి ఏం చేస్తుంది? భోజనం పట్టుకుని ఠాణాకు వెళ్ళింది. సుమన్ అవ్వ కూడా వెంట వెళ్ళింది. అప్పుడు రాత్రి ఎనిమిది గంటలయింది. సుమన్ అన్నం తిన్నాడు. ఆడవాళ్ళిద్దరూ ఇంటికి తిరిగి వచ్చారు.

మర్నాడు సుమన్ శవం రైలు పట్టాల మీద కనిపించింది. ఒంటి నిండా దెబ్బలున్నాయి. బేడీ ఇంకా అలాగే ఉంది.

"మేమేం చెయ్యలేదు" అన్నారు పోలీసులు. "తాడుతో కట్టి ఉంచాం. తాడు పళ్ళతో కొరుక్కుని తెల్లవారుజామున మూడు గంటలకు పారిపోయాడు. రైలు కింద పడి చచ్చిపోయాడు" అన్నారు.

నీలబతి ఆ మాట నమ్మలేదు. కానీ నమ్మకపోతే మాత్రం ఆమె ఎవరితో చెప్పుకోవాలి? పోలీసుల మీద పోలీసులకే చెప్పుకోవాలా? ఈ ప్రశ్న మన ఊళ్ళలో కూడా వింటూనే ఉంటాం. "వాళ్ళతో మనకెందుకు, ఊరుకో" అనే మాట కూడా దాని వెనకాలే వస్తుంది.

నీలబతి ఊరుకోలేదు. 1988 సెప్టెంబరు 14న ఆమె పేరుతో ఒక ఉత్తరం ఢిల్లీలోని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. నా కొడుకు పోలీసుల చేతిలో ఉండగా చనిపోయాడు, నాకు నష్టపరిహారం ఇప్పించండి అని ఆ ఉత్తరం అడిగింది.

అది వట్టి ఉత్తరం. కోర్టులో వేసే దావా కాగితం కాదు. అయినా సుప్రీంకోర్టు దాన్ని పక్కన పడెయ్యలేదు. ఆ ఉత్తరాన్నే రిట్ దరఖాస్తుగా తీసుకుంది. రిట్ అంటే ఏమిటి? మన రాజ్యాంగం ప్రతి మనిషికీ కొన్ని హక్కులు ఇచ్చింది. వాటిని సర్కారు కాలరాస్తే నేరుగా హైకోర్టుకో సుప్రీంకోర్టుకో వెళ్ళి అడగవచ్చు. అప్పుడు కోర్టు ఇచ్చే ఆజ్ఞను రిట్ అంటారు. బతికే హక్కు రాజ్యాంగంలో 21వ అధికరణంలో ఉంది. ఖైదీకి కూడా ఆ హక్కు ఉంటుంది. దొంగతనం చేశాడని అనుమానం ఉన్నవాడికీ ఉంటుంది. చేశాడని రుజువైనా శిక్ష వెయ్యాల్సింది కోర్టు. లాఠీ కాదు.

సుప్రీంకోర్టు సుందర్‌గఢ్ జిల్లా జడ్జిని విచారణ చెయ్యమంది. ఆయన సాక్షులను విన్నాడు. 1991లో నివేదిక పంపాడు. పోలీసుల చేతిలో ఉండగా తగిలిన దెబ్బలతోనే సుమన్ చనిపోయాడని అందులో రాశాడు. సర్కారు దాన్ని ఒప్పుకోలేదు. అందుకని సుప్రీంకోర్టే సాక్ష్యాలన్నీ మళ్ళీ చూసింది.

శవపరీక్ష చేసిన డాక్టరు మాట పోలీసుల కథకు అడ్డు వచ్చింది. ఆ దెబ్బలు లాఠీతో కొడితే తగలగలవని, అన్నీ రైలు వల్ల తగిలినవి కావని ఆయన చెప్పాడు. ఇంకో సంగతి కూడా ఉంది. ముద్దాయి పారిపోతే పోలీసులు ఏం చేస్తారు? వెతుకుతారు కదా. సుమన్ కోసం ఆ రాత్రి వెతికినట్టు సాక్ష్యమే లేదు. వెతకలేదంటే, పారిపోయాడన్న మాట ఎలా నమ్మాలి?

ఇక్కడ నీలబతి తీసుకెళ్ళిన భోజనం సంగతి గుర్తు చేసుకోండి. రాత్రి ఎనిమిది గంటలకు కొడుకు ఠాణాలోనే ఉన్నాడు. లేచి కూచుని అన్నం తిన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళారా చూశారు. పోలీసులు కూడా దీన్ని కాదనలేదు. మరి తెల్లవారేసరికి అన్ని దెబ్బలు ఎలా తగిలాయి? ఆ జవాబు చెప్పాల్సింది తల్లి కాదు, పోలీసులే అని కోర్టు అంది. మనిషి వాళ్ళ చేతిలో ఉన్నాడు కాబట్టి లెక్క వాళ్ళే చెప్పాలి.

ఇది కష్టమైన విషయమేమీ కాదు. అవసరం పడి షావుకారు దగ్గర ఇత్తడి బిందె తాకట్టు పెట్టామనుకోండి. తిరిగి అడిగితే "బిందె దానంతట అదే నడిచి వెళ్ళిపోయింది" అంటే ఒప్పుకుంటామా? బిందెకే లెక్క ఉన్నప్పుడు మనిషికి ఉండదా?

కానీ సర్కారు దగ్గర ఒక పాత మాట ఉంది. దేశం విడిపోయిన 1947లో మీరట్ ఊళ్ళో పోలీసులు ఒక వ్యాపారి బంగారం పట్టుకున్నారు. దాన్ని కాపలా కాయాల్సిన హెడ్ కానిస్టేబులు బంగారంతో పాకిస్తాన్ పారిపోయాడు. పోలీసు పని సర్కారుకు మాత్రమే ఉన్న అధికారం, దానిలో జరిగిన తప్పుకు సర్కారు డబ్బు కట్టక్కర్లేదని 1964లో సుప్రీంకోర్టే చెప్పింది. పాపం ఆ వ్యాపారి! ఆ తీర్పును చూపించి సర్కార్లు చాలా ఏళ్ళు తప్పించుకున్నాయి.

నీలబతి కేసులో ఆ దారి మూసుకుపోయింది. 1993 మార్చి 24న తీర్పు వచ్చింది. రాజ్యాంగం ఇచ్చిన హక్కును సర్కారు మనుషులే తీసేసినప్పుడు ఆ పాత మాట పనికిరాదని కోర్టు తేల్చి చెప్పింది. ఒరిస్సా సర్కారు నీలబతికి 1,50,000 రూపాయలు కట్టాలంది. సుమన్ వయసు, నెలకు 1,200 నుంచి 1,500 రూపాయల దాకా అతను తెచ్చే సంపాదన చూసి ఆ లెక్క కట్టారు. తప్పు చేసినవాళ్ళెవరో తేల్చి, వాళ్ళ మీద కేసుతో సహా తగిన చర్య తీసుకోవాలని కూడా చెప్పింది. డబ్బు కట్టినంత మాత్రాన నేరం మాసిపోదు.

ఉత్తరానికీ తీర్పుకూ మధ్య నాలుగున్నర ఏళ్ళు గడిచాయి. ఇది తక్కువ కాలం కాదు. ఎంత డబ్బయినా ఆ తల్లి కడుపుకోత తీర్చదు. ఈ రెండు మాటలూ దాచిపెట్టి పాఠం చెప్పడం మంచిది కాదు.

మన రాష్ట్రంలోనూ అలాంటి కేసు జరిగింది. కోయిలకుంట్ల అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. 1977 మే నెలలో అక్కడి సబ్ జైల్లో ఒక తండ్రీ కొడుకూ రిమాండులో ఉన్నారు. మమ్మల్ని చంపాలని చూస్తున్నారు, కాపలా పెంచండి అని వాళ్ళు ముందే మొరపెట్టుకున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఒక రాత్రి జైలు మీద బాంబు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుక్కి గాయాలయ్యాయి. కింది కోర్టు దావా కొట్టేసింది. హైకోర్టు మాత్రం 1,44,000 రూపాయలు ఇవ్వమంది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు కూడా అదే సరే అంది. జైల్లో పెట్టిన మనిషి ప్రాణం కాపాడాల్సింది సర్కారే.

ఇంట్లోవాళ్ళను పోలీసులు పట్టుకుపోతే ముందు గడియారం చూడండి. ఎన్ని గంటలకు తీసుకుపోయారు, ఎవరు వచ్చారు, ఏ స్టేషనుకు అన్నారు? కాగితం మీద రాసుకోండి. చదువు నేర్చుకున్నది ఇలాంటప్పుడూ పనికి వస్తుంది. పోలీసుల చొక్కా మీద పేరు కనపడాలి. అరెస్టు చేసినట్టు వాళ్ళు ఒక కాగితం రాసి, ఇంటివాళ్ళ చేతో ఊళ్ళో పెద్దమనిషి చేతో సంతకం చేయించాలి. ఈ నియమాలను 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు పెట్టింది. ఆ కేసు కూడా పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక ఉత్తరంతోనే మొదలయింది. ప్రయాణానికి పట్టే సమయం తీసేసి, 24 గంటల్లోగా మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అక్కడ "నన్ను కొట్టారు" అని నోరు తెరిచి చెప్పవచ్చు.

ఆడవాళ్ళకు ఇంకొన్ని నియమాలు ఉన్నాయి. పొద్దు గుంకిన తర్వాత, పొద్దు పొడవక ముందు ఆడమనిషిని అరెస్టు చెయ్యకూడదు. మరీ తప్పనిసరి అయితే ఆడ పోలీసు ఉండాలి, మేజిస్ట్రేటు దగ్గర ముందే అనుమతి తేవాలి. సాక్ష్యం కోసమైతే ఆడవాళ్ళను స్టేషనుకు రమ్మనకూడదు. ఇంటికే వచ్చి అడగాలి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. దానిలోనూ ఈ నియమాలు ఉన్నాయి.

స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. ఆయనా పట్టించుకోకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్ళవచ్చు. ఢిల్లీలో జాతీయ మానవ హక్కుల సంఘం 1993 నుంచి పనిచేస్తోంది. దానికి తెలుగులోనే రాయవచ్చు. రుసుము లేదు. కానీ సంగతి జరిగిన ఏడాది లోపల రాయాలి. వకీలు కావాలంటే జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్ళు ఎంత సంపాదన ఉన్నవాళ్ళయినా అక్కడ ఉచితంగా వకీలును అడగవచ్చు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ఉత్తరంలో ఏం రాయాలి? పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

"అయ్యా, నా పేరు ........ మా ఊరు ........ ఫలానా తేదీన, ఇన్ని గంటలకు, ఫలానా స్టేషను పోలీసులు మా ........ను ఇంటి నుంచి తీసుకుపోయారు. చూసినవాళ్ళు ........ నేను అతన్ని కడసారి చూసింది ........ అప్పుడు ఒంటి మీద దెబ్బలు ఉన్నాయి / లేవు. విచారణ చేయించవలసిందిగా కోరుతున్నాను. సంతకం."

పంపేముందు దానికి నకలు తీసి దగ్గర ఉంచుకోండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

నీలబతి డబ్బు సంగతి ఇంకొంచెం ఉంది. ఆ 1,50,000 రూపాయలను ఆమె పేరుతో బ్యాంకులో మూడేళ్ళ డిపాజిటుగా వెయ్యమని కోర్టు చెప్పింది. మూడేళ్ళూ వడ్డీ ఆమెకే రావాలి, తర్వాత అసలూ ఆమెకే రావాలి. ఆ పని జిల్లా కలెక్టరు చేయించాలి. చేయించినట్టు మూడు నెలల్లో సుప్రీంకోర్టుకు కాగితం పంపాలి.

చెప్పండి, రాయండి

సుమన్ రాత్రి ఎనిమిది గంటలకు ఠాణాలో ఉన్నాడని ఎలా తెలిసింది?
దెబ్బలు ఎలా తగిలాయో పోలీసులే చెప్పాలని కోర్టు ఎందుకు అంది?
పైన ఉన్న ఉత్తరాన్ని మీ ఊరి పేరుతో, మీ చేత్తో ఒకసారి రాయండి. పక్కనున్న అక్కకు చదివి వినిపించండి.