నీతికథ, రూపకకథ, అధిక్షేపము

దోషమును ముఖము మీఁదఁ జెప్పినచో మానవునకుఁ గోపము గలుగును. కావున కవులు మూఁడు మార్గములు కల్పించిరి. వీనిని మేము వేఱుపఱచి చూపెదము.

మొదటిది నీతికథ. ఇందు జంతువులు మాటలాడును. 11వ శతాబ్దమునాఁటి దుర్గసింహుని కన్నడ పంచతంత్రమునందును, 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికయందును నక్క కొండెములు చెప్పి సింహమునకును వృషభమునకును వైరము గల్పించును. ఉభయభాషలు వినఁబడు అగళి సీమవారు ఏ భాషలోఁ జదివినను ఆ నక్కలో మనుష్యునే కనుఁగొందురు.

రెండవది రూపకకథ. ఇందు గుణములే పాత్రలు. నంది మల్లయ, ఘంట సింగయలు తెలిఁగించిన ప్రబోధచంద్రోదయమున వివేకుఁడు మహామోహునితోఁ బోరును. రణరంగము మన హృదయమే.

మూఁడవది అధిక్షేపము. ఇందు మాఱువేషము లేదు. లోకమునందున్న దోషమునే పెంచి చూపుదురు. వీరేశలింగము పంతులుగారి బ్రహ్మవివాహము, వృద్ధులు బాలికలను పెండ్లాడుటను పరిహసించినది. చదివినవారు పొరుగింటి ముసలి పెండ్లికొడుకును దలఁచి నవ్వుటతోఁ గార్యము సగమే నెఱవేఱును. తమ కుమార్తెను అట్టి సంబంధమున కీయమని నిశ్చయించుకొనినప్పుడే ఆ నవ్వు సఫలము.

కావున ఏ తెగ కృతిని జదివినను, "ఇది యెవరినిగూర్చి?" యని వెదకుటకు ముందు, "ఇది నన్నుఁగూర్చియేమో" యని విచారించుట సత్పాఠకుల ధర్మము.