బలపాలు, మట్టి తినాలని ఎందుకు అనిపిస్తుంది?

గర్భిణీ పరీక్షలకు మండవల్లి, కైకలూరు పల్లెల నుండి వచ్చే తల్లులను మేము తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. "అమ్మా, బలపాలు, మట్టి లాంటివి ఏమైనా తింటున్నావా?" మొదట లేదంటారు. అత్తగారు బయటికి వెళ్ళాక తలవంచుకొని, రోజుకు నాలుగైదు బలపాలని చెబుతారు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఆహారం కాని పదార్థాన్ని నెల రోజులకు పైబడి తింటూ ఉండడాన్ని వైద్యులు 'పైకా' అంటారు. పచ్చి బియ్యం, ఐసు ముక్కలు అదే పనిగా నమలడం కూడా ఈ కోవలోదే.

దీని వెనుక మేము మొదట వెతికేది రక్తహీనత, అందులోనూ ఇనుము లోపం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తం తక్కువని తేలింది. పైగా కొన్ని రకాల మట్టి కడుపులో ఇనుమును పట్టుకొని ఒంటికి అందనివ్వదు. రక్తం తగ్గి మట్టి తింటారు, మట్టి తిని రక్తం ఇంకా తగ్గించుకుంటారు.

వెంటవెంటనే కాన్పులైనవారికి, నెలసరిలో ఎక్కువ రక్తం పోయేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మలంతో చెడిన తడి నేలలో చెప్పులు లేకుండా తిరిగితే కొంకి పురుగులు పాదాల నుండి లోపలికి చేరి, పేగుల్లో రక్తం పీలుస్తాయి. చెరువు గట్లపై పనిచేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

రెండేళ్ళలోపు బిడ్డ ఏదైనా నోట్లో పెట్టుకోవడం సహజమే. ఆ వయసు దాటాక కూడా మట్టి, గోడ పెచ్చులు తింటుంటే పరీక్ష చేయించాలి. పాత రంగు పెచ్చులలో సీసం ఉండవచ్చు, అది మెదడుకు హాని. బుద్ధి మాంద్యం, ఆటిజం ఉన్న పిల్లలలో, ఆకలికి, ఒంటరితనానికి గురైన పిల్లలలో ఈ అలవాటు ఎక్కువ. చేతికి కారం పూయడం, కొట్టడం వైద్యం కాదు. అలా చేస్తే బిడ్డ చాటుగా తింటాడు, అంతే.

"బలపంలో కాల్షియం ఉంటుందిలే" అనే పెద్దలకు మా మనవి: బలపం కాల్షియం మాత్ర కాదు. మలబద్ధకం వస్తుంది, పళ్ళు అరుగుతాయి.

హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గర్భిణికి 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. డాక్టరుగారు ఇచ్చిన ఐరన్ మాత్రలు మొదలుపెడితే చాలామందికి కొద్ది వారాలలోనే ఆ కోరిక తగ్గుతుంది. మాత్ర వేసుకున్న గంట వరకు టీ తాగవద్దు. మలం నల్లగా వస్తే భయపడి మాత్రలు మానవద్దు, అది ఐరన్ వల్లనే.